గిటారు రొదకు జంట కాయిల్ వైద్యం

(భౌతికశాస్త్ర విద్యార్థి, బి.యస్సి. తృతీయ సంవత్సరం)

మన వార్షికోత్సవాలలో ఎలక్ట్రిక్ గిటారు లేని ఆర్కెస్ట్రా ఈ మధ్య కనబడటం లేదు. గిటారుతో పాటే స్టేజి ఎక్కే ‘హూఁ...’ అనే రొద లేని ఆర్కెస్ట్రా కూడా కనబడటం లేదు. గాయకుడు పల్లవి ఎత్తుకోకముందే రొద ఎత్తుకుంటుంది. పాట ఆగినా అది ఆగదు. మన యూనియన్ గిటారుదీ ఇదే జబ్బు. ఇందుకు మందుగా, ఉన్న పికప్ తీసేసి వేరే రకం పికప్ బిగించాలని ఈ సంవత్సరం సాంస్కృతిక సంఘంలో ప్రతిపాదన వచ్చింది. అంతవరకు బాగానే ఉంది. కాని కొత్త పికప్ వెడల్పుగా ఉంటుంది, అది పట్టాలంటే గిటారు చెక్కను ఉలితో తొలిపించాలి అన్నారు కొందరు. ఆ గిటారు ఏ ఒక్కరి సొత్తూ కాదు. పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని కొని, మన చేతుల్లో పెట్టి వెళ్ళినది. తొలిచిన చెక్కను మళ్ళీ పూడ్చలేం. “ఫిజిక్స్ చదువుతున్నావు కదా, ఏం చెయ్యాలో నువ్వు చెప్పు” అని నన్నడిగారు. అప్పుడు నాలుగు మాటల్లో చెప్పినదాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. గిటారు పట్టని మిత్రులు పేజీ తిప్పేయనక్కర్లేదు. ఇందులో ఉన్నదంతా మనం ఇంటర్మీడియట్‌లో బట్టీ పట్టిన ఫారడే నియమమే.

ఇంతకీ పికప్ అంటే ఏమిటి? అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నని రాగి తీగ. అంతే. దాని మీదుగా ఉక్కు తీగలు సాగి ఉంటాయి. అయస్కాంతం పక్కన ఉండటంవల్ల ఉక్కు తీగకూ కొంత అయస్కాంతత్వం అబ్బుతుంది. మనం మీటగానే తీగ అటూ ఇటూ ఊగుతుంది, కాయిల్ గుండా పోయే అయస్కాంత అభివాహం మారుతుంది. మారిందంటే కాయిల్‌లో విద్యుచ్చాలక బలం పుడుతుందని 1831లో ఫారడే చూపించాడు కదా! తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తే కాయిల్‌లోనూ 82 సార్లు వోల్టేజి ఎగిసి పడుతుంది. ఆ వోల్టేజి చాలా చిన్నది, గట్టిగా మీటినా వోల్టులో పదో వంతు దరిదాపు. దాన్ని ఆంప్లిఫయర్ పెంచి స్పీకరుకు ఇస్తుంది. మైకుకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. మైకు గాలిని వింటుంది, పికప్ ఉక్కును వింటుంది. వీణకు ఇలాంటి పికప్ పెడితే ఉక్కు తీగలు చక్కగా పలుకుతాయి, ఇత్తడి తీగలు మాత్రం మొహం చాటేస్తాయి.

మొట్టమొదట పనికివచ్చే పికప్‌ను తయారుచేసినవాడు అమెరికాలో జార్జి బోషాం. అప్పట్లో అక్కడ హవాయి గిటారు మోజు జోరుగా ఉండేది. బాకాలు, డ్రమ్ముల మధ్య పాపం గిటారు గొంతు వినబడేది కాదు. అందుకని 1931-32 ప్రాంతంలో అతడూ ఎడాల్ఫ్ రికెన్‌బాకరూ కలిసి, గుర్రపు నాడా ఆకారంలో ఉన్న అయస్కాంతాలతో పికప్ కట్టి, ఒళ్ళో పెట్టుకుని వాయించే గిటారుకు అమర్చారు. గుండ్రటి ఒళ్ళు, పొడుగాటి మెడ ఉండటంతో దానికి ‘ఫ్రైయింగ్ పాన్’ అని పేరు పడింది. అంటే మన అట్లపెనం! ఆ అట్లపెనం వంశమే నేటి ఎలక్ట్రిక్ గిటార్లన్నీ. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని ప్రపంచమంతా వినిపించాడంటే, అక్కడా తీగల నాదాన్ని విద్యుత్తుగా మార్చే పని పికప్‌దే.

ఇక రొద సంగతి. కాయిల్‌కు వివేకం లేదు. తీగ ఊగినందువల్ల అభివాహం మారిందా, పక్కనున్న ట్యూబులైటు చోక్ వల్ల మారిందా అన్నది దానికి అనవసరం. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు, చోక్, గోడలోని వైర్లు ఇవన్నీ 50 హెర్ట్జ్‌ల అయస్కాంత క్షేత్రాన్ని చుట్టూ వెదజల్లుతుంటాయి. అది కాయిల్‌లో దూరుతుంది. దానితో పాటు 100, 150 హెర్ట్జ్‌ల పిల్లలు కూడా వస్తాయి. తమాషా ఏమిటంటే ఈ రొదకు శ్రుతి కూడా ఉంది. గిటారు ఆరవ తీగ మీద మూడో మెట్టు నొక్కితే వచ్చే ‘జి’ స్వరం 98 హెర్ట్జ్‌లు. మన రొదలోని 100 హెర్ట్జ్‌లు దానికి కాస్త పైన. అందుచేత ‘జి’ శ్రుతిలో పాట మొదలుపెడితే రొద ఇంచుమించు తంబురాలాగా కలిసిపోయి, కొంచెం అపశ్రుతితో ప్రాణం తీస్తుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్‌లు కాబట్టి వాళ్ళ రొద శ్రుతి వేరు!

పికప్ కొనడానికి డబ్బు తీసేముందు ఒక పరీక్ష తప్పక చెయ్యాలి. ఎందుకంటే రొదలు రెండు రకాలు, మందులూ రెండు రకాలు. ఆంప్లిఫయర్ పెట్టి, గిటారు మెడలో వేసుకుని, తీగల మీద చెయ్యి వెయ్యకుండా వినండి. ఇప్పుడు చెయ్యి వెయ్యండి. ‘జుయ్’మనే రొద చప్పున తగ్గిందంటే అది విద్యుత్ క్షేత్రం వల్ల వచ్చేది. మన శరీరమే ఏరియల్ లాగా దాన్ని పట్టి గిటారుకు అందిస్తుంది. తీగలు తాకగానే శరీరం కూడా ఎర్త్ అయిపోతుంది కాబట్టి అది అణగుతుంది. దీనికి పికప్ మార్చక్కర్లేదు. గిటారు లోపలి గుంటకు రాగి రేకు అతికించి, ఆ రేకును ఎర్త్‌కు కలిపితే చాలావరకు పోతుంది. అలా కాకుండా, చెయ్యి వేసినా తగ్గక, మనం ఒక్కచోట నిలబడి మెల్లగా చుట్టూ తిరుగుతుంటే ఒక దిక్కున పెరిగి ఒక దిక్కున తగ్గే ‘హూఁ’ ఉందే, అది అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చేది. మా తాతగారు ట్రాన్సిస్టరు రేడియోను అరుగు మీద అటూ ఇటూ తిప్పి స్టేషను పట్టడం చూశాను. సూత్రం అదే. 50 హెర్ట్జ్‌ల అయస్కాంత క్షేత్రాన్ని పలచని రాగి రేకు ఆపలేదు. దానికి జంట కాయిల్ ఒక్కటే మందు. మన గిటారును సెమినార్ హాలు స్టేజి మీద ఇలా పరీక్షిస్తే రెండు రోగాలూ కొంచెం కొంచెం ఉన్నాయని, అయస్కాంతపుదే పెద్ద వాటా అని తేలింది. అందువల్ల పికప్ మార్చడం సబబే అన్నాను.

జంట కాయిల్ పికప్‌ను ఇంగ్లీషులో ‘హంబకర్’ అంటారు. ‘హమ్’ అంటే రొద, దాన్ని ఎదిరించేది కాబట్టి హంబకర్. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ అనే ఇంజనీరు దీన్ని రూపొందించి 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1957 నుంచి వాళ్ళ గిటార్లలో బిగించారు. పేటెంటు 1959లో వచ్చింది. దాని సూత్రం ఎంత చిన్నదో అంత అందమైనది. రెండు కాయిళ్ళు పక్కపక్కన ఉంటాయి. రెండోదాని చుట్టు మొదటిదానికి వ్యతిరేక దిశలో కలుపుతారు. దాని కింద అయస్కాంత ధ్రువాన్ని కూడా తిప్పేస్తారు, అంటే ఒకదాని పైన ఉత్తర ధ్రువం, రెండోదాని పైన దక్షిణ ధ్రువం. బయటినుంచి వచ్చే రొదకు లోపలి అయస్కాంతంతో పని లేదు, చుట్టు దిశతోనే పని. దిశ తిరగబడింది కాబట్టి ఒక కాయిల్‌లో ప్లస్, రెండోదానిలో మైనస్. కూడితే సున్న. మరి తీగ సంగతి? తీగ సంకేతం చుట్టు దిశ మీదా అయస్కాంత ధ్రువం మీదా రెండింటి మీదా ఆధారపడుతుంది. రెండూ తిరగబడ్డాయి. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్! పాట రెట్టింపవుతుంది, రొద చచ్చిపోతుంది. మాథ్స్‌లో నాకు ఇంత ఉపయోగపడిన సూత్రం మరొకటి లేదు.

ఇక్కడో చిన్న ముచ్చట. మాది వ్యవసాయ కుటుంబం. బోరు మోటారు కాలినప్పుడల్లా కాయిల్ చుట్టించడానికి నాన్నతో పాటు రివైండింగ్ షాపుకు వెళ్ళి కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. పోయిన సెలవుల్లో ఆ మేస్త్రీ గారికి ఒక చెడిపోయిన పికప్ చూపించాను. “ఇది తీగా, తలవెంట్రుకా బాబూ?” అన్నాడాయన కళ్ళజోడు పైకి ఎత్తి. నిజమే. ఈ తీగ మందం 0.063 మిల్లీమీటర్లు. మన షాపుల లెక్కలో సుమారు 46 గేజి. మామూలు ఒంటి కాయిల్ పికప్‌లో ఇలాంటి తీగ 7,500 నుంచి 8,000 చుట్లు ఉంటుంది, నిరోధం 6 కిలో ఓంల దరిదాపు. “మరి చుడతారా మేస్త్రీ గారూ?” అంటే, “మోటారయితే తెచ్చుకో, దీనికి నా చెయ్యి మోటు” అన్నాడు. ఆ పెద్దమనిషి మాట గుర్తుంచుకోవాలి. కాయిల్‌ను గోరు తగిలేలా ముట్టుకోరాదు. ఒక్క చోట తెగిందంటే పికప్ మొత్తం మూగబోతుంది.

జంట కాయిల్ అంత గొప్పదయితే ఒంటి కాయిల్ పికప్‌లను ఇంకా ఎందుకు చేస్తున్నారు అంటారా? అక్కడే ఉంది కిటుకు. రొదతో పాటు గొంతు కూడా మారుతుంది. ప్రతి కాయిల్‌కూ కొంత ప్రేరకత్వం, గిటారునుంచి ఆంప్లిఫయర్‌కు పోయే కేబుల్‌కు కొంత కెపాసిటన్స్ ఉంటాయి. రెండూ కలిసి ఒక అనునాద వలయం అవుతాయి. ఆ అనునాదం దగ్గర శబ్దం నిగనిగలాడుతుంది, దానికి పైన పడిపోతుంది. మన పుస్తకంలోని లెక్కే చేసి చూద్దాం. ఒంటి కాయిల్ ప్రేరకత్వం 2.4 హెన్రీలు, కేబుల్ తదితరాల కెపాసిటన్స్ 600 పికోఫారడ్లు అనుకోండి. రెండింటినీ గుణించి, వర్గమూలం తీసి, దాన్ని 2π తో గుణించి, విలోమం తీస్తే దాదాపు 4,200 హెర్ట్జ్‌లు వస్తుంది. జంట కాయిల్‌కు 4.4 హెన్రీలు వేసి అదే కేబుల్‌తో లెక్కిస్తే 3,100. అంటే మెరుపు వెయ్యి హెర్ట్జ్‌లకు పైగా కిందికి దిగింది! చెవికి ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఒంటి కాయిల్ గొంతు కంచుగంటలాగా ఖంగుమంటుంది. జంట కాయిల్ గొంతు బొద్దుగా, మెత్తగా ఉంటుంది. పైగా జంట కాయిల్ తీగను ఒకచోట కాక రెండుచోట్ల వింటుంది కనక, సన్నని పై స్వరాలు కొన్ని అక్కడికక్కడే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి మూడు పికప్‌లూ మార్చేద్దాం అన్నవాళ్ళతో నేను ఏకీభవించలేదు. బ్రిడ్జి దగ్గరిది ఒక్కటి మారిస్తే చాలు. ఆంప్లిఫయర్‌ను బాగా హెచ్చించి వాయించేటప్పుడు వాడేది ఎక్కువగా దాన్నే, రొద భరించలేనిది కూడా అప్పుడే. మెడ దగ్గరి పికప్ మాధుర్యం పోగొట్టుకోవడం దండగ.

సరే, చెక్క తొలవాలా? మనది మూడు ఒంటి కాయిళ్ళున్న గిటారు. ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్ నమూనాకు అనుకరణ. దీని పికప్ పట్టే సందు వెడల్పు సుమారు 18 మిల్లీమీటర్లు. మామూలు హంబకర్ వెడల్పు సుమారు 38. రెట్టింపు పైనే. అయినా ముందుగా పైనున్న ప్లాస్టిక్ పలక, అదే పిక్‌గార్డ్, విప్పి చూడాలి. చాలా గిటార్లలో పలక కింద గుంట ముందే వెడల్పుగా తొలిచి ఉంటుంది. అలాంటప్పుడు చెక్కను ముట్టనక్కర్లేదు, పలక ఒక్కటి మార్చుకుంటే చాలు. మనదాంట్లో అలా లేదు, సందు ఇరుకే. అందుచేత మూడో దారి చెప్పాను. ఒంటి కాయిల్ కొలతల్లోనే రెండు సన్నని కాయిళ్ళను పక్కపక్కన ఇమిడ్చి, ఆరు మేకుల బదులు రెండు ఇనప పట్టాలు పెట్టిన పికప్‌లు దొరుకుతాయి. పాత సందులోనే కూర్చుంటాయి. పట్టాలవల్ల ఇంకో లాభముంది. పెద్ద హంబకర్లలో మొదటి మేకునుంచి ఆరో మేకు దాకా 49, 50 మిల్లీమీటర్ల రకం ఒకటి, 53 దరిదాపు రకం ఒకటి ఉంటాయి. తీగల ఎడానికి సరిపోనిది కొంటే చివరి తీగలు మేకుల మీదుగా పోవు. పట్టాకు ఆ బాధ లేదు. పెద్ద హంబకర్ నిండుతనం దీనికి పూర్తిగా రాదని వాయించేవాళ్ళు అంటారు, ఒప్పుకుంటాను. కాని గిటారు మనది కాదు, రేపు వచ్చేవాళ్ళది కూడా. వాళ్ళకు పాత గొంతే కావాలంటే నాలుగు టంకాలు ఊడదీస్తే తిరిగి వచ్చే మార్పే మనం చెయ్యాలి.

పని చేసే పద్ధతి క్లుప్తంగా చెబుతాను. తీగలు వదులు చేసి, పలక మరలు విప్పి, పలకను జాగ్రత్తగా తిరగెయ్యాలి. విప్పేముందు వైర్ల అమరికను కాగితం మీద గీసుకోవడమో, సెల్‌ఫోన్‌తో ఫోటో తియ్యడమో చెయ్యాలి. పాత పికప్‌కు రెండు వైర్లు. ఒకటి స్విచ్‌కు, ఒకటి వాల్యూమ్ కంట్రోలు వీపుకు. కొత్తదానికి నాలుగు వైర్లు, ఒక ఉట్టి తీగ. ఇక్కడ రంగులు చూసి మోసపోరాదు, కంపెనీకో తీరు. సీమోర్ డంకన్ పికప్‌లో నలుపు స్విచ్‌కు పోతుంది, ఎరుపు తెలుపు రెండూ కలిపి అతికి పైన తొడుగు వెయ్యాలి, ఆకుపచ్చ ఉట్టి తీగతో కలిసి ఎర్త్‌కు. డిమార్జియోలో ఎరుపు స్విచ్‌కు, నలుపు తెలుపు కలిసి, ఆకుపచ్చ ఉట్టి తీగ ఎర్త్‌కు. ఒకదాని చీటీ చూసి ఇంకొకటి అతికితే పికప్ మూగబోవచ్చు, లేదా ఒక్క కాయిలే పలికి రొద అలాగే ఉండిపోవచ్చు. టంకానికి 25 వాట్ల ఐరన్ వైర్లకు సరిపోతుంది. కంట్రోలు వీపు మందపాటి లోహం గనక వేడిని లాగేస్తుంది, దానికి 40 వాట్లది మేలు. వీపును ముందు గరుకు కాగితంతో రుద్దితే టంకం పట్టుకుంటుంది. లేకపోతే పాదరసంలాగా జారిపోతుంది.

అతకకముందే చేయాల్సిన పరీక్ష ఒకటి ఉంది. చాలామంది దీన్ని వదిలేస్తారు. కొత్త పికప్, మధ్య పికప్ ఒకే దశలో ఉన్నాయా లేదా అన్నది. ముల్లు ఉన్న మల్టీమీటరు తీసుకుని అతి తక్కువ డి.సి. రేంజిలో పెట్టి పికప్‌కు కలపండి. స్క్రూడ్రైవరును పికప్ పైన టక్కున ఆనించండి. ముల్లు ఏ వైపు ఎగిరిందో చూడండి. మధ్య పికప్‌కూ అలాగే చెయ్యండి. రెండూ ఒకే వైపు ఎగిరితే సరి. ఎదురెదురుగా ఎగిరితే, స్విచ్ రెండింటినీ కలిపిన స్థానంలో శబ్దం పలచబడి ముక్కుతో పాడినట్టు వస్తుంది. అప్పుడు కొత్తదాని చివరి రెండు వైర్లను తారుమారు చేస్తే చాలు. ఉట్టి తీగ మాత్రం ఎప్పుడూ ఎర్త్‌కే.

వాల్యూమ్ కంట్రోలు విలువ గురించి మా మధ్య వాదన జరిగింది. ఒంటి కాయిళ్ళకు 250 కిలో ఓంలు, జంట కాయిళ్ళకు 500 వాడటం ఆనవాయితీ. తక్కువ నిరోధం అనునాదాన్ని అణిచి గొంతును మెత్తన చేస్తుంది. ఒంటి కాయిళ్ళు రెండు మిగిలే ఉన్నాయి కాబట్టి 500 పెడితే అవి కీచుమంటాయి. ఉన్న 250నే ఉంచి విని చూద్దామన్నాను. చాలకపోతే కంట్రోలు మార్చడం చిన్న పనే.

ఇక ప్రాణానికి సంబంధించిన మాట. గిటారు తీగలన్నీ బ్రిడ్జి ద్వారా, లోపలి ఎర్త్ వైరు ద్వారా, కేబుల్ ద్వారా ఆంప్లిఫయర్ ఒంటికి కలిసి ఉంటాయి. బ్రిడ్జి వెనక స్ప్రింగుల దగ్గరికి పోయే ఆ వైరును రొద తగ్గుతుందని తెంచేవాళ్ళున్నారు, తెంచరాదు. అసలు ప్రమాదం గోడలో ఉంటుంది. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గు, ఎర్త్ లేని సాకెట్టు ఉండి ఆంప్లిఫయర్ ఒంట్లోకి కరెంటు దిగితే, అది నేరుగా వాయించేవాడి వేళ్ళకు వస్తుంది. రెండో చెయ్యి, లేదా పెదవులు, మైకును తాకాయంటే వలయం పూర్తయినట్టే. 1972 మే 3న వేల్సు దేశంలోని స్వాన్సీలో ‘స్టోన్ ది క్రోస్’ బృందం గిటారిస్టు లెస్ హార్వే, సరిగా ఎర్త్ చెయ్యని మైకును తాకి స్టేజి మీదనే ప్రాణాలు విడిచాడు. మోటారు స్టార్టరు పక్కన గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి, ఎర్త్ ఎండిపోకుండా నీళ్ళు పోసే ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళం మనలో చాలామందిమి. స్టేజి సాకెట్టు దగ్గర కూడా ఆ బుద్ధే ఉండాలి. కార్యక్రమానికి ముందు కాలేజీ ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ పరీక్ష చేయించిన తరువాతే గిటారు ప్లగ్గు పెట్టాలని సంఘం పుస్తకంలో రాయించాను. పికప్ కంటే ముందు తీర్మానం అయింది అదే.

బిగించాక మిగిలేది ఎత్తు సర్దడం. చివరి మెట్టు దగ్గర తీగ నొక్కి పట్టుకుని చూస్తే తీగకూ పికప్‌కూ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. దగ్గరయితే శబ్దం పెరుగుతుంది గదా అని మరీ పైకి లేపితే బలమైన అయస్కాంతాలు తీగను లాగి స్వరాన్ని వణికిస్తాయి. మన గిటారులో ఇప్పుడు బ్రిడ్జి పికప్ ఒక్కటే వాడితే రొద దాదాపు లేదు. మధ్యదానితో కలిపితే కొంచెం వస్తుంది, మధ్యది ఇంకా ఒంటి కాయిలే కాబట్టి. విప్పిన పాత పికప్‌ను దూదిలో చుట్టి, ముల్లు ఏ వైపు ఎగిరిందో, ఏ వైరు ఎక్కడ ఉండేదో చీటీ మీద రాసి, యూనియన్ గది బీరువా కింది అరలో పెట్టాం.